చామంతి తోటలో పారిస్

"మేడం, మీరేమనుకోకుండ్రి. ఈ కాయిదం ఒక్కసారి చదివి, ఇండ్ల ఏమున్నదో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

ఆ తల్లి కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పొద్దున పదిన్నర అయింది. తెల్లవారుజాము నుంచి పూలు కోసిన చేతులు, గోళ్ల సందుల్లో ఇంకా చామంతి ఆకు పసరు ఉంది. తొమ్మిదో తరగతి చదివే బిడ్డ పుస్తకంలో దొరికిందట ఆ కాగితం. అది దొరికిన నాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. "అంతా ఇంగ్లీషుల రాసుకున్నది. ఎవడన్న పోరడు రాసిచ్చిండేమో అని..." అంటూ సగంలో ఆపేసింది.

విప్పి చూశాను. ఎరువుల దుకాణం వాళ్లు పంచిన క్యాలెండరు వెనక వైపు. నీలం పెన్నుతో విల్లులా వంగిన ఒక నది, దాని నడుమ గుమ్మడి గింజల్లాంటి రెండు లంకలు, ఆ లంకల్ని ఒడ్డుకు కలుపుతూ వంతెనలు. లంకల దగ్గర మొదలై నత్తగుల్ల చుట్టులాగ బయటికి తిరుగుతూ ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. సీన్ నది. పారిస్ నగరం, దాని ఇరవై వార్డులు. అక్షరాలా అలాగే ఉంటాయి అవి. తల్లి ప్రేమలేఖ అనుకున్న కాగితం, పిల్ల పుస్తకం చదువుతూ తన కోసం గీసుకున్న ఊరి పటం.

ఆ పుస్తకం ఇచ్చింది నేనే కాబట్టి నేరంలో నాకూ భాగం ఉంది. టీచరుగా రిటైరయ్యాక ఈ మొయినాబాద్‌లోనే ఉండిపోయాను, ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు ఉన్నాయి, అడిగిన పిల్లలకు ఇస్తుంటాను. ఈ పిల్ల తీసుకుపోయింది విక్టర్ హ్యూగో నవల, పిల్లల కోసం కుదించి రాసిన ప్రతి. పెద్దవాళ్లకు ఆ కథ కొత్తేమీ కాదు. దాన్ని తెలుగువాళ్లు 'బీదలపాట్లు' అన్నారు, 1950లో నాగయ్య గారితో సినిమా కూడా తీశారు. రొట్టెముక్క దొంగిలించి జైలు పాలైన మనిషి కథ. మీ అమ్మనో నాన్ననో అడగండి, కథ పూర్తిగా చెప్పగలరు. ఆ కథ జరిగిన ఊళ్లలో పెద్దది పారిస్ అన్న సంగతి మాత్రం గుర్తుండదు.

"అయితే ఏం లేదంటరా మేడం?" అంది ఆమె.

"పారిస్ ఉంది" అన్నాను.

అప్పుడు కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూసింది. కాసేపటికి వేలు పెట్టి చూపించింది. "గీ చెట్లు మన రోడ్డు మీదియే గద?"

నేను గమనించలేదు, ఆమే పట్టుకుంది. సీన్ నది పొడవునా పిల్ల చెట్లు గీసింది. ప్రతి చెట్టుకూ ఊడలు ఉన్నాయి. పారిస్ నది ఒడ్డున, వీధుల వెంట ఉండేవి వేరే జాతి చెట్లు, వాటికి ఊడలుండవు. ఆ చెట్లను ఈ పిల్ల జన్మలో చూడలేదు. రోజూ బడి బస్సు కిటికీలోంచి చూసేది బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా నలభై ఆరు కిలోమీటర్లు, సుమారు తొమ్మిది వందల మర్రులు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు వాటి కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పుస్తకంలో 'నది ఒడ్డున చెట్ల వరస' అని చదవగానే పిల్ల మనసు ఎక్కడికీ పోలేదు. ఇంటి ముందు ఉన్న చెట్లనే పెళ్లగించుకు పోయి సీన్ ఒడ్డున నాటింది.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఉన్న తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది ఆ ఊడల వల్లనే. పిల్లలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంటే మనకు భయం. పిలిస్తే పలకరు. "ఏ లోకంల ఉన్నవ్?" అని గద్దిస్తాం. వాళ్లు ఉన్న లోకాన్ని దగ్గరికి పోయి చూస్తే అందులో సగం మన ఊరే ఉంటుంది. మనం చూపించిన చెరువు, మన సంత, మన నాయనమ్మ గొంతు. చూడని ఊరిని కట్టాలంటే రాయీ మట్టీ చూసిన ఊరి నుంచే మోసుకుపోవాలి, పిల్లలకు వేరే దారి లేదు. అందుకే ఇంట్లో వాళ్లు కంగారు పడనక్కర్లేదని నేనంటాను. పారిస్ గురించి కలలు కనే పిల్ల చేవెళ్లను వదిలిపెట్టి పోలేదు, చేవెళ్లను ఇంకాస్త దూరం పరిచింది.

నేనూ మీలాగే తప్పు చేసినదాన్నే. ఏ బడి అని చెప్పను, ఇరవై ఏళ్ల కిందటి మాట. సాంఘిక శాస్త్రం చెబుతుంటే వెనక బెంచీలో ఒక పిల్లవాడు బల్ల కింద కథల పుస్తకం పెట్టుకుని, చదవడం కూడా మానేసి, కిటికీలోంచి ఆకాశంలోకి చూస్తున్నాడు. పుస్తకం లాక్కున్నాను. ఆ రోజు నేను చెబుతున్న పాఠం ఐరోపా నదులు. వాడు చదువుతున్నది ఓడల మీద సముద్రాలు దాటే కథ. నేను నల్లబల్ల మీద రాసిన దారినే వాడు అప్పటికే పడవ వేసుకుని పోతున్నాడని నాకు తట్టలేదు. పుస్తకం సాయంత్రం తిరిగిచ్చాను గానీ, వాడు దాన్ని మళ్లీ బడికి తేలేదు.

గద్దించడం ఒక రకం తప్పు. ఇంకో రకం ఉంది, అది మన ప్రాంతంలో మరీ ఎక్కువ. మన మండలంలోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. కోరిక కోరుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. హుండీ లేని గుడి. 'వీసా దేవుడు' అని పేరు పడ్డాక అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ ఉన్న వాళ్లంతా ముందు ఇక్కడికే వస్తారు. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, దారి పొడవునా విదేశీ చదువుల ప్రకటనలు. ఆ పిల్లల ఆశను నేను తక్కువ చేయను, నా అన్న కొడుకు కోసం నేనూ పదకొండు తిరిగాను. అయితే ఈ గాలిలో బతికే తల్లిదండ్రులకు ఒక అలవాటు వచ్చింది. పిల్ల నోట పరదేశం పేరు వినబడితే చాలు, దాన్ని వెంటనే వీసాగా మార్చేస్తాం. "పారిస్ అంటే నాకు మస్తు ఇష్టం" అంటుంది పిల్ల. "అయితే మంచిగ చదువు, బీటెక్ అయినంక ఎమ్మెస్‌కు పంపుత" అంటాడు తండ్రి. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ క్షణాన పారిస్ చచ్చిపోయింది. దాని జాగాలో ర్యాంకు, లోను, ప్లాటు అమ్మకం వచ్చి కూచున్నాయి.

పదమూడు పద్నాలుగేళ్లప్పుడు పారిస్‌ను పారిస్‌గానే ఉండనివ్వండి. దానితో ఏ పనీ లేకపోతే మరీ మంచిది. రేపు ఆ పిల్ల పారిస్ పోవచ్చు, పటాన్‌చెరు పోవచ్చు, పక్క ఊరికి కోడలై పోవచ్చు. వంతెన మీద నిలబడి నీళ్లు చూసే ఓపిక మాత్రం ఎక్కడున్నా పనికొస్తుంది.

మరి ఏం చేయాలి అంటే, అడగాలి. పిల్లలకు ఏది ఇష్టమో తెలుసుకోవడానికి మనం అడిగే ప్రశ్నలు చాలావరకు పోలీసు ప్రశ్నలు. 'ఎందుకు చదువుతున్నవ్? పరీక్షల వస్తదా? ఎవరిచ్చిండ్రు?' వీటికి బదులు దారి అడిగినట్టు అడిగి చూడండి. ఆ ఊళ్లో పొద్దున ఏం తింటరు? నది ఎండకాలం ఎండిపోతదా? మన లాంటి వాళ్లు ఎక్కడ ఉంటరు? ఈ ప్రశ్నలకు మీకు జవాబులు తెలియకపోవడమే మంచిది. పిల్లకు తెలిసి, పెద్దలకు తెలియని సంగతి ఇంట్లో ఒక్కటైనా ఉండాలి.

ఆ తల్లికి ఇదే చెప్పాను. నాకు ఆమె తర్వాత చెప్పిన ముచ్చట ఇది. మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు భార్యాభర్తలు పూలు మూటలు కడుతున్నారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే బండి నాలుగింటికి రోడ్డు మీదికి వస్తుంది. పిల్లకు మెలకువ వచ్చి వాకిట్లో కూచుంది. తల్లి, అడగాలి అన్నారు కదా మేడం అని గుర్తు తెచ్చుకుని, "మీ పారిస్‌ల చామంతులుంటయా?" అంది. పిల్ల ఉన్నట్టుండి నవ్వింది. ఉంటాయట. కానీ అక్కడ చామంతి ఎవరింటికీ పట్టుకుపోరట. నవంబరు ఒకటో తారీఖున చనిపోయినవాళ్ల సమాధుల మీద పెట్టే పువ్వట అది. చుట్టపింటికి చామంతుల గుత్తి తీసుకుపోతే అశుభం అనుకుంటారట.

తండ్రి మూట ముడి బిగిస్తూ ఆగాడు. "గా ముచ్చట మార్కెట్ల ఎవ్వరికి చెప్పకు బిడ్డా, రేటు పడిపోతది" అన్నాడు.

నవంబరు మొదటి వారం అంటే మనకు దీపావళి, కార్తీకం దరిదాపుల్లో. ఇక్కడ చామంతికి ధర వచ్చే రోజులు. గుమ్మానికి, దేవుడి పటానికి, కొత్త బండికి అదే పువ్వు. అదే వారంలో అక్కడ అదే పువ్వు కుండీలకు కుండీలు శ్మశానాలకు పోతుంది. అసలు ఈ పువ్వు పుట్టిల్లు చైనా. 1789లో మార్సెయ్ రేవు వర్తకుడు ఒకాయన ఫ్రాన్సుకు తెచ్చాడు. ఈ సంగతులేవీ పాఠ్యపుస్తకంలో ఉండవు. తండ్రి పొలానికీ కూతురి కలకూ నడుమ ఒక పువ్వు దారి వేసింది, ఇద్దరూ చెరో వైపు నుంచి నడిచి వచ్చారు. ఇరవై ఏళ్లుగా పండిస్తున్న పంట గురించి తనకు తెలియని విషయం కూతురు చెప్పిందని ఆయన బండి మీద పోతూ డ్రైవరుకు చెప్పాడట. రేటు పడిపోతుందన్న మనిషే.

మీ ఇంట్లో చామంతులు లేకపోవచ్చు. టమాటా ఉంటుంది, క్యారెట్ ఉంటుంది, పచ్చిమిర్చి ఉంటుంది. చేవెళ్ల నుంచి నగరానికి పోయే కూరగాయల బండిలో చాలా గంపల పుట్టుక ఎక్కడో దూరదేశంలో తేలుతుంది. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండాల వైపు నుంచి ఓడలెక్కి వచ్చినవే. ఇల్లు కదలకుండా కూడా ఇలా దూరం పోవచ్చు. 1790లో ట్యూరిన్ నగరంలో జేవియర్ ద మెస్త్ర్ అనే సైనికాధికారిని ద్వంద్వయుద్ధం చేసినందుకు నలభై రెండు రోజులు గదిలో పెట్టారు. అతను ఊరికే కూర్చోలేదు. ఆ గదిలోనే మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గోడ మీది పటానికి ప్రయాణం చేసి, యాత్రాచరిత్ర రాశాడు. అది నలభై రెండు అధ్యాయాల పుస్తకం. ఎండాకాలం సెలవుల్లో 'బోర్ కొడుతుంది' అనే పిల్లలకు వంటింటి యాత్ర రాయమని చెప్పి చూడండి. ఇద్దరు పిల్లలతో చేయించాను. ఒకడు ఉప్పు డబ్బా దగ్గరే ఆగిపోయి సముద్రం దాకా పోయాడు. రెండోవాడు ఫ్రిజ్ తెరిచి ఐస్‌క్రీం తిని యాత్ర ముగించాడు. అదీ యాత్రే.

ఇక నీళ్ల సంగతి. పారిస్ అనగానే సినిమా పాటల్లో చూసిన టవరు, పూలు, గొడుగు కింద జంట గుర్తొస్తాయి. అందమైన ఊళ్లకు అందం లేని రోజులు కూడా ఉంటాయని పిల్లలకు చెప్పడానికి మొయినాబాద్ కంటే మంచి చోటు లేదు. మనం రెండు చెరువుల నడుమ బతుకుతున్నాం, అటు గండిపేట, ఇటు హిమాయత్‌సాగర్. ఈ రెండూ ఎందుకు పుట్టాయో మీ పిల్లలకు చెప్పారా? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మళ్లీ అలా జరగకూడదని విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా మీద ఎగువన మూసీకి అడ్డంగా గండిపేట, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో అది, 1927లో ఇది పూర్తయ్యాయి.

సరిగ్గా పదహారు నెలల తర్వాత, 1910 జనవరిలో, సీన్ పొంగింది. ఎనిమిది మీటర్లు దాటి, 8.62 మీటర్ల దాకా వచ్చాయి నీళ్లు. పారిస్ వీధుల్లో పడవలు నడిచాయి. అక్కడ ఆల్మా వంతెన కాలికి ఒక సిపాయి రాతి బొమ్మ ఉంటుంది. నీళ్లు అతని పాదాలు తాకితే ఊరికి అనుమానం, తొడల దాకా వస్తే భయం. ఆ ఏడు భుజాల దాకా వచ్చాయి. తర్వాతి కాలంలో వాళ్లూ మనలాగే ఎగువన పెద్ద పెద్ద జలాశయాలు కట్టుకున్నారు.

మన చింతచెట్టు, వాళ్ల రాతి సిపాయి. ఒక సాయంత్రం పిల్లను తీసుకుని గండిపేట కట్ట మీదికి పోయి ఈ రెండూ కలిపి చెప్పండి. పుస్తకాల్లోని పారిస్‌కు మొదటిసారి తడి తగులుతుంది. ఈ చెరువుల చుట్టూ కట్టడాలకు హద్దు పెట్టిన జీవో 111 అంటే మనకు ఎకరా ఎంత పలుకుతుందన్న లెక్క. 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు ఈ నీళ్ల కోసం వచ్చిందని, ఈ నీళ్లు ఆ వరద వల్ల వచ్చాయని ఇంట్లో ఎవరైనా పిల్లలకు చెప్పాలి కదా. భూమి రేటు ముచ్చట ఎలాగూ వాళ్లు రోజూ వింటున్నారు.

అందం ఒక్కటే చూసినవాళ్లకు దెబ్బ తగులుతుందని కూడా తెలుసుకోవాలి. 1980ల్లో పారిస్‌లో పనిచేసిన హిరోఆకి ఓటా అనే జపాన్ మానసిక వైద్యుడు ఒక చిత్రమైన సంగతి గమనించాడు. జపాన్ నుంచి వచ్చిన యాత్రికుల్లో కొందరు తాము ఊహించుకున్న పారిస్, ఎదుట కనబడే పారిస్ ఒకటి కాకపోవడంతో తట్టుకోలేక జబ్బుపడ్డారు. దానికి పారిస్ జబ్బు అనే పేరే పడింది. కాబట్టి పరిమళాల పుస్తకం ఒకటిస్తే, మురుగు కాలువల పుస్తకం ఒకటివ్వండి. హ్యూగో ఆ పని ముందే చేసిపెట్టాడు. ఆయన కథానాయకుడు గాయపడ్డ కుర్రవాణ్ని భుజాన వేసుకుని పారిస్ మురుగు సొరంగాల్లోంచి నడుస్తాడు. మన పిల్ల కాగితం మీద ఆ సొరంగాలు కూడా ఉన్నాయి, చుక్కల గీతలతో. పక్కన 'కంపు' అని తెలుగులో రాసుకుంది. ఇంగ్లీషు పటంలో ఉన్న ఒకే ఒక తెలుగు మాట.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం పేరున కడుతున్నారు, 1960 నాటి చట్టం అది. డబ్బు కట్టిన దుకాణంలోకి ఒక్కసారీ అడుగు పెట్టకపోవడం మనకే చెల్లింది. మండల కేంద్రంలోని గ్రంథాలయంలో నోటిఫికేషన్ల పుస్తకాలే ఎక్కువ అంటారు, నిజమే. అయినా అడుగున ఉన్న బీరువా తెరవమని అడగండి. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, డిసెంబరులో హైదరాబాద్ పుస్తకాల పండుగ ఉంది. తార్నాకలో మంచి పుస్తకం వాళ్లు పిల్లల కోసమే వేస్తారు. జపాన్ పిల్ల టొటొచాన్ కథ 'రైలుబడి'తో మొదలుపెట్టినా సరే, టోక్యో ఒక రైలుపెట్టెలో ఇంటికొస్తుంది. నవ్వే పిల్లలకైతే మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం'. 1924 నాటిది, మొగల్తూరు నుంచి బయల్దేరిన మనిషి ఇంగ్లండు చేరేలోపు ఎన్ని అవస్థలు పడాలో అన్నీ పడతాడు. మద్రాసులో దొరసానుల టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. పరదేశమంటే బెదురుండే పిల్లలకు అది మందు.

ఇంగ్లీషులోనే చదవాలని పట్టుపట్టకండి. కల ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వండి.

ఫోన్‌లో పారిస్ రెండు నిమిషాల్లో కనబడుతుంది కదా అంటారా? కనబడుతుంది, పై నుంచి, పక్క నుంచి, రాత్రి దీపాలతో సహా. అంతా కట్టేసి ఉంటుంది, పిల్ల పెట్టడానికి ఒక్క ఇటుక జాగా ఉండదు. వీడియో చూసిన పిల్ల అయితే ఆ ఒడ్డున మర్రి నాటి ఉండేది కాదు. నేనేమీ ఫోన్ మీద కత్తి కట్టలేదు, ముందు పుస్తకం, తర్వాత ఫోన్ అంటాను. ముందు తను గీసుకుని, తర్వాత పోల్చి చూసుకుంటే ఆ తేడాల దగ్గరే అసలు ముచ్చట. "మేడం, ఆడ ఊడలు లేవు!" అని ఆ పిల్ల వచ్చి చెప్పిన రోజు ఆమె మొహం చూడాల్సింది. పారిస్‌కు ఏదో తక్కువైనట్టు చెప్పింది.

భయపడాల్సిన పగటికల ఉండదా? ఉంటుంది. పగటికలల మీదే ఏళ్లకేళ్లు పరిశోధించి 1966లో పుస్తకం రాసిన అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ సింగర్ వాటిని మూడు రకాలుగా విడదీశాడు. ఆటలాడుకునే, ఏదో కట్టుకునే కల ఒకటి. భయాన్నీ తప్పు చేశానన్న బాధనూ నెమరేసే కల ఒకటి. ఏ పని మీదా నిలబడనివ్వని చెదురు ధ్యాస ఒకటి. మొదటిదాని జోలికి పోకండి. మిగతా రెండూ గుర్తుపట్టడం తల్లికి కష్టం కాదు. పిల్లకు నిద్ర పట్టడం లేదా, తిండి తగ్గిందా, ఉన్న ఒకరిద్దరు స్నేహితుల్ని వదిలేసిందా, కలలోంచి బయటికి రావాల్సి వస్తే ఏడుస్తుందా. ఇవి వారాల తరబడి కనబడితే కల గురించి కాదు, ఆ పిల్ల దేన్నుంచి పారిపోతున్నదో దాని గురించి ఆలోచించాలి. బళ్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఇంట్లో మన గొడవలా? డాక్టరు దగ్గరికి పోవడానికీ సిగ్గుపడకండి. కాలు విరిగితే పోతాం కదా.

నా ట్రంకు పెట్టెలో అడుగున ఒక పాత పుస్తకం ఉంది. మాస్కో నుంచి తెలుగులో వచ్చినది, దొస్తోయెవ్‌స్కీ 'శ్వేత రాత్రులు'. ఆయన 1848లో రాసిన కథ. పీటర్స్‌బర్గ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్న ఒక యువకుడు, పగటికలలే లోకం. అన్నేళ్లలో అతనికి పలకరించే మనిషి దొరకలేదు. అతను కలలు కన్నందుకు నాకు జాలి లేదు, చెప్పుకోవడానికి ఎనిమిదేళ్లు ఒక్క చెవి దొరకనందుకు జాలి. ఆ కథలోనే ఒక అమ్మాయి ఉంటుంది, నాస్తెంకా. ఆమెకు కళ్లు కనబడని నాయనమ్మ. పిల్ల ఎక్కడికీ పోకుండా ఆమె దుస్తుల్ని తన దుస్తులకు పిన్నీసుతో గుచ్చేసి పక్కన కూచోబెట్టుకుంటుంది. అద్దెకున్న ఆయన చదువుకోమని పుస్తకాలు పంపితే, ముసలమ్మకు ఒకటే దిగులు, అట్ట సందులో ఏదైనా ఉత్తరం దాచాడేమో వెతకమంటుంది.

ఆ తల్లికి ఈ కథ చెప్పాను. ముసలమ్మ ఉత్తరం వెతకమన్న చోటికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత, "పిన్నీసు నా దగ్గర గూడ ఉన్నది మేడం" అంది.

ఆడపిల్లల విషయంలో పిన్నీసు ఎందుకు గుచ్చుతామో నాకు తెలుసు. రోడ్డు మీద తాగినవాళ్లున్నారు, ఫామ్‌హౌజుల రద్దీ ఉంది, చీకటి పడితే బస్సు దిగిన చోటు నుంచి ఇల్లు కిలోమీటరు. తీసేయమని మీకు చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే మగపిల్లవాడు సైకిలేసుకుని శంకర్‌పల్లి దాకా పోయి ప్రపంచం చూసొస్తాడు, ఆడపిల్లకు చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క సైకిలు పుస్తకమే. 1870ల్లో పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగామె సముద్రం దాటి ఇంగ్లండు పోయి, చూసింది రాసింది. 1876లో అది పుస్తకంగా వచ్చింది. ఆ రోజుల్లో ఆమెను పోనిచ్చిన ఇల్లు ఒకటి ఉంది కదా. మనం పుస్తకం అట్ట సందులో వెతకడం ఆపితే చాలు.

మొన్న పూలకు పోయాను ఆ పిల్ల వాళ్ల తోటకు. మార్కెట్‌కు పోయిన తండ్రి అప్పుడే తిరిగొచ్చి, ఖాళీ మూటగుడ్డలు దులిపి తీగ మీద ఆరేస్తున్నాడు. పిల్ల వాకిట్లో కూచుని నాకు కొత్త సంగతి చెబుతోంది. పారిస్ నడిబొడ్డున వందల ఏళ్ల నాటి పెద్ద మార్కెట్ ఉండేదట, లే హాల్ అని. రద్దీ తట్టుకోలేక 1969లో దాన్ని ఊరి బయట రుంజీస్ అనే చోటికి మార్చారట. పూలు, కూరలు, మాంసం అన్నీ ఇప్పుడు అక్కడే, బేరాలు తెల్లవారకముందే మొదలవుతాయట.

ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని ఇటు తిరిగాడు. "మనది జాంబాగ్ కెల్లి గుడిమల్కాపూర్‌కు మార్చినట్టే గద?"

"అవ్ నాయినా, గట్లనే."

ఆయన ఇంకో గుడ్డ దులిపాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి ఆడ రైతు దగ్గర కమీషన్ ఎంత పడ్తరంట?"

పిల్ల నా వైపు చూసింది. నాకూ తెలియదు. కాగితం తీసి, ఇరవై అంకెల చుట్టుకు బయట, రుంజీస్ ఉండే చోట ఒక ప్రశ్నార్థకం వేసుకుంది.